సాఫు నక్షా

పనిలో తృప్తి గురించి ఈమధ్య అందరూ మాట్లాడుతున్నారు. చిలకలగూడలో పొద్దున నాతో పాటు నడిచే కుర్రాళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని దాని గురించే వింటారట. చేసే పనిలో ఆరితేరితే చాలు, తృప్తి దానంతటదే వచ్చి ఒళ్ళో కూర్చుంటుందని ఎవడో చెబుతాడట. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ చెప్పేవాడు ఎప్పుడైనా ఒక పని దగ్గర ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడా? కూర్చుని ఉంటే, తృప్తి వచ్చిన దారినే సిగ్గు కూడా వస్తుందని వాడికి తెలిసేది. ఎవడూ చెప్పడు కాబట్టి నేను రాస్తున్నాను.

నేను ఇళ్ళ ప్లాన్లు గీసేవాణ్ణి. కంప్యూటర్లు రాకముందు ప్రతి ఆర్కిటెక్టు దగ్గరా నాలాంటివాడు ఒకడుండేవాడు. ఆయన పెన్సిలుతో ఒక కాగితం మీద ఏదో గిలికి ఇచ్చేవాడు. దానికి కొలతలు కట్టి, ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీసి, మేస్త్రీ చేతికి ఇచ్చేలా తయారుచేయడం మా పని. ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ అనేవారు. సైట్లలో పనిచేసే మేస్త్రీలు మాత్రం నన్ను నక్షా సాబ్ అనేవాళ్ళు. ఇంటి ప్లానును వాళ్ళు నక్షా అంటారు. ఆ పిలుపు వినడానికే నేను బతికానేమో అనిపిస్తుంది ఇప్పుడు.

నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ఎనిమిదో తరగతితో బడి వదిలేసి, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర అమోనియా ప్రింట్లు తీసే దుకాణంలో చేరాను. ప్లాన్లకు నకళ్ళు తీసే పని అది. పెట్టె మూత తీస్తే ఘాటు ముక్కుకు కొట్టి కళ్ళ నీళ్ళు కారేవి. ఆ నీళ్ళ కళ్ళతోనే ఊరందరి నక్షాలూ చూశాను. చెడిపోయిన ప్రింట్లు ఇంటికి తెచ్చుకుని, వాటి వెనకవైపున అవే గీతలు మళ్ళీ గీసేవాణ్ణి. ఇంగ్లీషు చదవడం రాకముందే ఇంగ్లీషు అక్షరాలు అచ్చుగుద్దినట్టు రాయడం వచ్చింది. డిగ్రీలు చదివినవాళ్ళు నా అక్షరాలు చూసి ఏ కాలేజీ అని అడిగేవారు. స్టేషన్ పక్క కాలేజీ అనేవాణ్ణి. నవ్వేవాళ్ళు. నేను నవ్వేవాణ్ణి కాదు.

గీత గీయడం అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు ఎలా చెప్పాలి? ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాలి, చివర దాకా వదలకూడదు. గోడ గీత లావు, తలుపు గీత సన్నం, కొలత గీత వెంట్రుకంత. రెండు గీతలు మూలలో కలిసేచోట ఇంకు ముద్ద కట్టకూడదు. వానాకాలంలో ట్రేసింగు కాగితం తేమకు ఉబ్బుతుంది, అరచేయి చెమట తగిలితే ఇంకు పట్టదు. తప్పు పడితే సగం బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోటును గోటి వెనకవైపుతో రుద్ది నునుపు చేసి, మళ్ళీ గీయాలి. నేను గీకిన చోటు వెలుతురుకు పెట్టి చూసినా కనపడేది కాదు. ఒక పూట ఒక మెట్ల వరస గీస్తూ కూర్చుంటే, తల ఎత్తేసరికి టీ మీద మీగడ కట్టి ఉండేది. ఎక్కడికి పోయి వచ్చానో తెలిసేది కాదు. ఆకలి లేదు, అప్పు లేదు, పేరు లేదు. చెయ్యి ఒక్కటే ఉంది. తృప్తి అంటే అదే అయితే, నాకు అది నిండుగా దొరికింది. కాదని నేననను.

మా ఆర్కిటెక్టు విజయనగరం వైపు నుంచి వచ్చిన మనిషి. నా వయసువాడే. పెద్ద చదువు చదివినా గొంతు ఎత్తి మాట్లాడేవాడు కాదు. నన్ను "మాస్టారూ" అని పిలిచేవాడు. కొత్తగా ఎవరు ఇల్లు కట్టించుకోవడానికి వచ్చినా ముందు నా బోర్డు దగ్గరికి తీసుకొచ్చి, "మా మాస్టారి లైను చూడండి, సన్నజాజి తీగలా ఉంటాది" అనేవాడు. వాళ్ళు వంగి చూసేవారు. నేను పట్టించుకోనట్టు నటించేవాణ్ణి.

తర్వాత ఊరు మారిపోయింది. రోజుకొక కంప్యూటరు కోర్సు బోర్డు లేచేది. అవతల కొండలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్నారని, ఇవతల గజం ధర చూస్తుండగానే ఎగిరిపోతోందని చెప్పుకునేవారు. సాఫ్ట్‌వేర్ జీతాలు వచ్చినవాళ్ళంతా ఇల్లు కట్టించుకోవాలనుకున్నారు. మా ఆఫీసులో కూడా పక్కగదికి ఏసీ పెట్టి, కంప్యూటర్లు తెచ్చారు. ఆ ఏడు దసరాకు ఆయుధపూజ చేస్తే, ఎప్పటిలా నా బోర్డుకు, పెన్నులకు బొట్లు పెట్టారు. పిల్లలు వాళ్ళ కంప్యూటరుకు కూడా బొట్టు పెట్టి, మౌసు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. రసమంతా లోపలికి పోయి అది పనిచేయడం మానేసింది. నేను రెండు రోజులు నవ్వుకున్నాను.

అప్పుడు మా ఆర్కిటెక్టు సారు మెల్లగా అడిగాడు. "మాస్టారూ, మీరు కూడా ఓపాలి కూకోని చూడకూడదేటి? మీ చేతికి ఎంతసేపు?"

అందరూ ఉన్నారు. నేను నిలబడి, "సార్, నా చెయ్యి ఉన్నన్ని దినాలు నాకు ఆ ఎలుకతోని పని లేదు. అది పడిపోయినంక చూద్దాం" అన్నాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ మాటతో అక్కడున్నవాళ్ళందరి నోళ్ళూ నేనే కట్టేశానని నాకు అప్పుడు తెలియదు.

ఆ పక్కగదిలో ఒక అమ్మాయి ఉండేది. శ్రీకాకుళం వాళ్ళ పిల్ల, ఆర్కిటెక్చరు చదివింది. అన్నావదినలతో బోయిగూడలో అద్దెకుండేది. మొదటిరోజే నన్ను బాబాయ్ అంది. నేనేమీ అనలేదు గాని, ఆ కంప్యూటరును మాత్రం రోజూ ఏదో ఒకటి అనేవాణ్ణి. అంటే ఆమెను అన్నట్టే కదా.

"ఏందమ్మా, నీ డబ్బా ఇయ్యాల గూడ ఉరుముతున్నదా?"

"ఫ్యాను తిరుగుతంది బాబాయ్."

"నా బోర్డుకు ఫ్యాను అక్కర లేదు. కరెంటు పోయినా పని ఆగదు."

"నిజవే బాబాయ్" అని నవ్వేసేది.

సాయంత్రం ఐదున్నరకు నేను బోర్డు మీద గుడ్డ కప్పి బయల్దేరేవాణ్ణి. అది నా నియమం. ఆమె మాత్రం ఇంకా కూర్చునే ఉండేది. మెట్లు దిగుతూ తలుపు దగ్గర ఆగి, "పగలంతా గాని పని చీకటి పడ్డంక అయితదా? మా దిక్కు పని రానోడే పొద్దుమీకి కూర్చుంటడు" అనేవాణ్ణి. ఒకసారి కాదు. చాలాసార్లు అన్నాను. ఆమె బస్సు తప్పిపోతోందని తెలిసి కూడా అన్నాను.

కార్ఖానా అనే బస్తీలో ఒక ఇంటి పని నడుస్తోంది. అరవై గజాల జాగా, సబ్బుపెట్టె లాంటిది. మెట్లు పెట్టడానికే చోటు లేదు. నేను ఆ మెట్లను మలుపులో విసనకర్ర విప్పినట్టు గీశాను. నిలువుగా పైకి పోయే వరస, మూలకు రాగానే ఒక్కొక్క మెట్టూ కాస్త వాలుతూ తిరిగి అటువైపు పరుచుకునేది. ఆ మూల కోసం ఎన్ని పూటలు కూర్చున్నానో. అంతకన్నా మంచి నక్షా నేను జన్మలో గీయలేదు.

బోనాలు అయిపోయిన తర్వాత కార్ఖానాలోనే మా బంధువుల ఇంట్లో తొట్టెల వేడుక పడింది, పసిపిల్లను ఉయ్యాలలో వేసే రోజు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళుతూ, దారిలోనే కదా అని ఆ సైటుకు పోయాను. నేను సైట్లకు పోయేవాణ్ణి కాదు. ఎండలో, దుమ్ములో నాకేం పని? మేస్త్రీలే ఆఫీసుకు వచ్చేవాళ్ళు, అనుమానం ఉంటే అడిగేవాళ్ళు. ఆ రోజు మాత్రం నా మెట్లు ఎంతవరకు వచ్చాయో చూడాలనిపించింది.

స్తంభాలు లేచాయి గాని మెట్లు ఇంకా మొదలుకాలేదు. అక్కడి మేస్త్రీ నాకు ఏళ్ళుగా తెలిసినవాడే, మహబూబ్‌నగర్ నుంచి వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. నన్ను చూసి తాపీ పక్కన పెట్టి లేచాడు.

"నక్షా సాబ్! ఏంది గిట్ల దారి తప్పిన్రు?"

"నా నక్షా చూద్దామని వచ్చిన. ఏది?"

గోడకు మేకు కొట్టి ఒక చెక్క తగిలించారు, దాని మీద కాగితం ఉంది. దగ్గరికి వెళ్ళాను. ఇల్లు అదే. గదులు అవే. నా విసనకర్ర మెట్లు కూడా ఉన్నాయి. కానీ ఆ గీతలు నావి కావు. ప్రతి గీతా ఒకటే రీతిగా, ఎక్కడా చెయ్యి వణకనట్టు, ఎక్కడా చెయ్యే లేనట్టు ఉంది. అక్షరాలు యంత్రం గుద్దినవి. నేను ఇంకుతో గీసిన కాగితం అది కానే కాదు.

"ఇదెవరిది?" అన్నాను.

"మీ ఆఫీసుదే గద సాబ్. ఉగాది కాడికెళ్ళి గిసొంటియే వస్తున్నయి." అతను నా ముఖం చూసి కాస్త తగ్గాడు. "ఆఫీసు దిక్కు నేను రాకపోతి. మీరు నౌకరి బంజేసిన్రు అన్నరు. నేను పరేషాన్ అయిన, చెప్పకుండ పోయిండు సాబ్ అని. ఆరోగ్యం మంచిగున్నదా?"

నేను నిన్న కూడా పనికి వెళ్ళాను. నిన్న కూడా ఐదున్నరకు బోర్డు మీద గుడ్డ కప్పాను. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. కానీ చెబితే, అప్పుడు నా నక్షా ఎక్కడుంది అని అడుగుతాడు కదా?

"ఔ, బంజేసిన" అన్నాను. "అప్పుడప్పుడు పోయి చూసొస్త."

"మంచిగ చేసిన్రు. రెస్టు తీస్కోన్రి" అన్నాడు. కూలీ మనిషి చేత కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. పోయినవాడికి చేసే మర్యాదలా అనిపించింది నాకు. ఆ టీ ఎలా తాగానో గుర్తులేదు. వేడుక దగ్గర విస్తరి ముందు కూర్చుని, ఎవరు పలకరించినా తల ఊపాను. నా భార్య, "కడుపుల బాగలేదా?" అంది. అవునన్నాను.

మర్నాడు ఐదున్నరకు గుడ్డ కప్పి, కిందికి దిగి, ఇరానీ హోటల్లో ఒక చాయ్ ముందు పెట్టుకుని కాసేపు కూర్చుని తిరిగి పైకి ఎక్కాను. పక్కగదిలో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. కంప్యూటరు పక్కన స్టాండుకు నా కాగితం క్లిప్పు పెట్టి ఉంది, ఆ మధ్యాహ్నమే నేను ముగించి ఇచ్చినది. ఆమె దానివైపు చూస్తూ ఒక్కొక్క గోడా తెర మీద మళ్ళీ గీస్తోంది.

నన్ను చూసి కుర్చీ వెనక్కి పడేలా లేచింది.

"ఎన్ని దినాల సంది?" అన్నాను.

"బాబాయ్..."

"అడిగినదానికి చెప్పు."

"ఉగాదికి ముందునుంచీ. స్ట్రక్చరు ఇంజనీరుగారు కంప్యూటరు ఫైలు ఇస్తేగానీ తీసుకోనన్నారు. మునిసిపాలిటీలోనూ అలాగే అడుగుతన్నారు." ఆమె సారు గదివైపు చూసింది. "మీకు చెప్పొద్దన్నారు సారు. బాధపడతారని."

"పొద్దుమీకి కూర్చునేది గీ పనికా?"

ఆమె తల ఊపింది.

"నేను నిన్నేమన్ననో యాదున్నదా?"

"అవన్నీ నేను మనసులో ఎట్టుకోలేదులెండి" అంది. నా కాగితం వైపు చూస్తూ, "మీ షీట్లు చూసి గీయడం వల్లనే నాకు ఏ గీత ఎంత లావుండాలో తెలిసింది బాబాయ్. కాలేజీలో మాకెవరూ చెప్పలేదు" అంది.

మంచి మనసుతోనే అంది. కానీ ఆ రోజు ఆ మాట నాకు గుడి మెట్ల మీద కూర్చున్నవాడి పళ్ళెంలో వేసిన చిల్లరలా వినపడింది. నేను ఎంతో కష్టపడి గీసినవి ఎక్కడికీ పోలేదు. ఈ గది దాకా వచ్చి ఆగిపోయాయి. నేను బోర్డు మీద ఊపిరి బిగబట్టి గీస్తుంటే, నా వెనకాల అందరూ ఊపిరి బిగబట్టి నన్ను కాపాడుతున్నారు. చంటిపిల్లవాడి చేతికి చెక్కబొమ్మ ఇచ్చి పెద్దవాళ్ళు పనిచేసుకున్నట్టు. అందులోనూ ఆ బరువు మోసింది ఎవరు? నేను పని రానిదని ఎగతాళి చేసిన పిల్ల.

సారు గదిలోకి వెళ్ళాను. తలుపు కొట్టలేదు.

"నాకు జీతం దేనికిస్తున్నరు సార్?"

ఆయనకు అర్థమైంది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "కూకోండి మాస్టారూ."

"కూర్చోను. దేనికి?"

"ఈ ఆఫీసు నిలబడింది మీ చేత్తోనండీ. ఆ చేతిని ఇక చాలు అని నేనెలా అనగలను?"

"అనాలె సార్! అన్నా నేను తట్టుకుంటుంటి. సైటు మీద నేను నౌకరి బంజేసిన అనుకుంటున్నరు. నిన్న నేనే ఒప్పుకొని వచ్చిన. నా బతుకుల మొదటిసారి లేని మాట చెప్పిన. మర్యాదకు జీతమిస్తే దాన్ని ఏమంటరో మీరే చెప్పున్రి."

ఆయన బల్ల మీది కళ్ళద్దాలు మడిచి, "అందరి ముందూ అంత మాట అన్నాక, మళ్ళీ అడగడానికి నాకు భయవేసింది మాస్టారూ" అన్నాడు.

ఎంత కోపంతో లోపలికి వెళ్ళానో, అదంతా ఆ ఒక్క మాటతో తిరిగి నా మీదే పడింది. దయ చూపినవాళ్ళ మీద కోపం నిలుపుకోవడం కూడా ఒక సిగ్గు. నేను మాత్రం కొన్నాళ్ళు నిలుపుకున్నాను, అబద్ధం ఎందుకు?

"రేపటి సంది ఆ అమ్మాయి కాడ కూర్చుంట" అని వచ్చేశాను.

కూర్చున్నాను. యాభై దాటిన మనిషిని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతూ, ముప్ఫై దాటని పిల్లల మధ్య. మౌసును పెన్నులాగా వేళ్ళతో పట్టుకునేవాణ్ణి. గీత మొదలుపెట్టగానే అలవాటుగా ఊపిరి బిగపట్టేవాణ్ణి. అక్కడ రెండు చోట్ల నొక్కితే గీత అయిపోతుంది, బిగబట్టిన ఊపిరి నాలోనే ఉండిపోయేది. ఆమె పక్కన నిలబడి, "ఊపిరి తీసుకోండి బాబాయ్" అనేది. ఒక్కోసారి చెయ్యి తెర మీదికి పోయి, గోటి వెనకవైపుతో రుద్దబోయేవాణ్ణి.

కొన్నాళ్ళకు ఒక చిన్న ఇంటి నక్షా నా అంతట నేనే ముగించాను. దాన్ని స్థలం మొత్తం చూపించే పెద్ద ఫైల్లో పెట్టాలి. పెట్టగానే ఇల్లు మాయమైంది. అందరూ తెర చుట్టూ చేరారు. వెతికి వెతికి, పెద్దది చేసి చూస్తే, రోడ్డు పక్కన ఒక మూల మినపగింజంత ఇల్లుంది.

"అంకుల్, చీమలకా ఇల్లు?" అన్నాడు ఒకడు.

"అద్దె తక్కువుంటది గదా" అన్నాడు ఇంకొకడు.

గది గదంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఏం జరిగిందో ఆమె కనిపెట్టింది. నేను మూడు మీటర్ల గదిని చూడగానే, నా బుర్ర దాన్ని నూరోవంతు చేసి మూడు సెంటీమీటర్లుగా కొట్టింది. ముప్ఫై ఏళ్ళుగా చేసిన పని అదే కదా. కాగితంలో పట్టాలంటే ఇంటిని చిన్నది చేయాలి. గుణింతం చెప్పినట్టు, ఆలోచించకుండానే చిన్నది చేసేస్తాను.

"ఇక్కడ చిన్నది చేయక్కర్లేదు బాబాయ్. ఇల్లు ఎంతుంటే అంతే గీయండి."

"అంత కాయితం యాడున్నది?" అన్నాను.

మళ్ళీ నవ్వారు. నేను లేచి వెళ్ళి ముఖం కడుక్కున్నాను. అద్దంలో చూసుకోలేదు. నేను నిజంగానే అడిగాను మరి. పెద్దదాన్ని చిన్నదిగా, అందంగా ఒదిగించడమే నా విద్య మొత్తం. ఆ విద్య ఆ యంత్రానికి అక్కర్లేదు. ఇంటికి పోతూ చిలకలగూడ సందులో ఒక్కొక్క గోడనూ దాని అసలు పొడవులో చూడడానికి ప్రయత్నించాను. నాకు రాలేదు. ప్రతి గోడా గీతలాగే కనపడింది.

అయినా వదల్లేదు. ఒకటే కోరిక. నౌకరి మానేశానని నేను ఒప్పుకున్న ఆ మేస్త్రీ చేతికి నేను గీసిన కాగితం ఒక్కటి పోవాలి. అంతే. గొప్పదవ్వాలని లేదు.

అదే మేస్త్రీకి కార్ఖానాలోనే పక్క గల్లీలో ఇంకో ఇల్లు దొరికింది. ఆ నక్షా సారు నాకిచ్చాడు. మళ్ళీ ఇరుకు జాగా, మళ్ళీ మలుపు మెట్లు. నేను మళ్ళీ విసనకర్ర పెట్టబోయాను. ఆ అమ్మాయి చూసి, "మలుపులో మెట్లొద్దు బాబాయ్. చదునుగా ఒదిలేయండి" అంది.

"ఎందుకు? చూడనీకె ఎంత మంచిగుంటది!"

"చూడ్డానికి బావుంటాది. బీరువా తిరగదు."

బోయిగూడలో వాళ్ళు ఇల్లు మారినప్పుడు బీరువా అలాంటి మలుపులోనే ఇరుక్కుపోయిందట. పైకి పోదు, కిందికి రాదు. వెనకాల ఉన్న వాళ్ళ వదిన అవతలే ఉండిపోయిందట. చివరికి తాళ్ళు కట్టి వీధివైపు నుంచి లాగారు, ఇంటాయన గోడకు గీతలు పడ్డాయని అరుస్తున్నాడు. ఆమె అదంతా నటించి చూపిస్తూ చెప్పింది. నాకు నచ్చలేదు. కానీ శిష్యుణ్ణి కదా, సణుక్కుంటూ చదును చేశాను. ఆమె ఒక పూటలో చేసే పని నాకు వారాలు పట్టింది. ప్రింటు తీసి చూస్తే, అది నాదని చెప్పడానికి అందులో ఏమీ లేదు. ఎవరిదైనా కావచ్చు.

నేనే తీసుకుని వెళ్ళాను. మేస్త్రీ కాగితం విప్పి, మోకాలి మీద పరిచి చూశాడు.

"నౌకరి బంజేయలేదు" అన్నాను. "ఆ దినం అబద్ధం చెప్పిన. కంప్యూటరు నేర్చుకున్న. ఇది నేను గీసిందే."

అతను కాగితాన్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. "మజాక్ చేస్తున్రా సాబ్? మీ చెయ్యి నాకు తెల్వదా? ఇది మీదయితే మలుపుల విసనకర్ర ఉంటది."

"ఈసారి వద్దనుకున్న. బీరువా తిరగాలె గద."

"గట్ల చెప్పున్రి!" అతని ముఖం వెలిగింది. "ఇగ మాకు తక్లీఫ్ తప్పింది. లేకుంటే మేమెట్లాగు జరుపుతుంటిమి."

"ఏం జరుపుతుంటిరి?"

అతను నాలుక కరుచుకున్నాడు. పక్కనున్న కూలీ మనిషి ముఖం తిప్పుకుంది.

"ఏం జరుపుతుంటిరి, చెప్పు."

"మలుపుల మెట్లు సాబ్. తీసేసి సదును చేస్తుంటిమి. కింద ఒకటో రెండో మెట్లు పెంచుకుంటుంటిమి."

"ఎప్పటి సంది?"

"ఎప్పటి సందేంది, మొదటి సంది గంతే. మేస్త్రీలందరం గట్లనే చేస్తం."

"మరి ఒక్కనాడన్న ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తం సాబ్?" అన్నాడు, అదేదో నేనే అర్థం చేసుకోవలసినట్టు. "గంత సాఫ్ నక్షా. దాని మీద పెన్సిల్ పెట్టనీకె మనసొప్పకపోయేది. తప్పున్నదంటే మీరు బాధపడ్తరు. జరుపుకుంటే అయిపాయె."

అందరూ ఒకటే మాట. నేను బాధపడతాను. ఈ ఊళ్ళో నేను గీసిన మెట్లు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయని లెక్కపెట్టుకుని గర్వపడేవాణ్ణి. ఒక్క ఇంట్లో కూడా లేవు. నా కాగితం ఎంత అందంగా ఉంటే, దాని ముందు నిలబడినవాడు అంతగా నోరు మూసుకున్నాడు. సైటుకు రానివాడికి చెప్పేదెవరు? కంప్యూటరు వచ్చిన తర్వాత నా పని ఆగిపోయిందని ఇన్నాళ్ళూ దాన్ని తిట్టాను. మలుపు దగ్గర నా పని ఏనాడో ఆగిపోయింది.

అక్కడి నుంచి వెళ్ళిపోవాలనిపించింది. కాళ్ళు గేటు దాకా వెళ్ళాయి కూడా. తర్వాత వెనక్కి తిరిగి, "చూపియ్యి" అన్నాను.

"ఏం చూపియ్యాలె?"

"బీరువా ఎట్ల తిరగదో."

పక్క గల్లీలోని పాత సైటుకు తీసుకుపోయాడు. అక్కడ మెట్లు పోసేశారు, మలుపు చదునుగా ఉంది. నేను జన్మలో గీసిన అన్నిటికన్నా మంచి నక్షా ఈ ఇంటిదే. నేను మేస్త్రీ దగ్గర సుద్దముక్క తీసుకుని, నా విసనకర్ర ఎక్కడ వచ్చేదో గీశాను. అతను ఆ గీతల మీద ఇటుకలు పేర్చి మెట్లు చేశాడు. సెంట్రింగుకు వాడే ఒక చెక్క, బీరువా అంత పొడుగు ఉన్నది వెతికి తెచ్చాడు.

"మీరు కింద పట్టుకోన్రి సాబ్. బరువంత కిందోనిదే."

ఇద్దరం ముసలివాళ్ళం ఎత్తుకున్నాం. మలుపు దాకా బాగానే వచ్చింది. అక్కడ అతని వైపు కొస గోడకు తగిలింది, నా వైపు కొస నా కడుపులో పొడిచింది. కుడికి వంచాం. ఎడమకు వంచాం. నిలబెట్టబోతే నా కాలు సన్నని మెట్టు కొస మీద జారి ఇటుకలు దొర్లాయి. కూలీలందరూ పని ఆపి చుట్టూ చేరారు.

"ముసలోళ్ళు ఇల్లు మారుతున్నరే!" అని ఒక ఆడమనిషి అరిచింది. అందరూ పకపకా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. నా ఇస్త్రీ చొక్కా నిండా సిమెంటు. చెమట కళ్ళలోకి కారుతోంది. చెక్క ఇంకా నా పొట్టకు గుచ్చుకునే ఉంది. అంత సిగ్గు నేను అంతకుముందు పడలేదు, ఆ తర్వాత కూడా పడలేదు. కానీ గోడ ఎంత పొడవుందో, మలుపు ఎంత ఇరుకో మొట్టమొదటిసారి నాకు ఒంటితో తెలిసింది. అది నూరోవంతు కాదు.

"ఇడిసిపెట్టున్రి సాబ్, దెబ్బ తగుల్తది" అన్నాడు మేస్త్రీ.

ఇటుకలు మళ్ళీ పేర్చమన్నాను. కిందికి దిగి, "ఇంకొక్కసారి" అన్నాను. ఈసారి గోడకు తగిలే పైకొస నేను పట్టుకున్నాను.